పొగ విస్కీ, తీపి వైన్ పీపా: తరచుగా అడిగే ప్రశ్నలు

డ్యూటీ ఫ్రీ షాపులో నిలబడి సీసా ఫొటో తీసి, "అన్నా, ఇందులో వైన్ కలిపారా? కొనొచ్చా?" అని మెసేజ్ పెట్టేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. డాలస్ నుంచి అడిగినా హైదరాబాద్ నుంచి అడిగినా ప్రశ్నలు మాత్రం అవే. అందుకని జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు. చాలావరకు స్కాట్లాండ్ సంగతులే ఉంటాయి, పొగ విస్కీని తీపి వైన్ మాగిన పీపాలో ఉంచే ఈ పద్ధతి పెరిగింది అక్కడే కాబట్టి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మద్యం కొనడానికి 21 ఏళ్ళు నిండాలి. ఆ లోపు వయసువాళ్ళ కోసం రాసింది కాదిది.

## పొగ

విస్కీకి ఆ పొగ వాసన ఎలా వస్తుంది? ఏదైనా ఎసెన్స్ కలుపుతారా?

ఏమీ కలపరు. బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, మొలక ఇంకా పెరగకుండా బట్టీలో వేడిగాలితో ఆరబెడతారు. అలా ఆరిందే మాల్ట్. ఆ బట్టీలో పీట్ కాలిస్తే తడి గింజల పొట్టుకు పొగ పట్టుకుంటుంది. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచు, గడ్డి, పొదలు వేల ఏళ్ళుగా సగం కుళ్ళి పేరుకున్న నల్లటి ముద్ద. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి మంటకు వాడతారు. స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఐలా దీవిలో చెట్లు తక్కువ, పీట్ ఎక్కువ. పొయ్యిలోకి దొరికింది అదే కాబట్టి విస్కీకీ అదే అంటుకుంది.

ఆ పొగలో ఫినాల్ జాతి రసాయనాలు ఉంటాయి. గ్వయకాల్ కట్టెల పొగ వాసన ఇస్తుంది, క్రెసాల్ ఆసుపత్రి వాసన ఇస్తుంది. ఐలా విస్కీ లఫ్రోయిగ్ మొదటిసారి తాగినవాళ్ళు "ఇదేంటి, డెట్టాల్‌లా ఉంది" అనడం వాళ్ళ ముక్కు తప్పు కాదు.

లేబుల్ మీద పీపీఎం అని ఉంటుంది కదా, అంకె ఎంత పెద్దదైతే పొగ అంత ఎక్కువా?

పీపీఎం అంటే పది లక్షల పాళ్ళలో ఎన్ని పాళ్ళు ఫినాల్ ఉందన్న లెక్క. ఆ అంకె మాల్ట్‌లో కొలిచింది, మీ గ్లాసులో ఉన్న విస్కీలో కాదు. ఐలా విస్కీల్లో ఆర్డ్‌బెగ్‌కు సుమారు 55, లాగవూలిన్‌కు 35 దగ్గర, బౌమోర్‌కు 25 దగ్గర అంటారు. గింజను పిండిచేసి, ఉడికించి, పులియబెట్టి, రెండుసార్లు కాచి ఆవిరిని చల్లార్చి పట్టేసరికి అందులో చాలా భాగం పోతుంది. ఎంత మిగలాలన్నది ఆ కాచే దగ్గరే తేలుతుంది. పొగ రసాయనాలు ధారలో ఆలస్యంగా వస్తాయి, కాబట్టి పట్టడం ఎప్పుడు ఆపుతారన్నదాన్ని బట్టి విస్కీ మారిపోతుంది. లాగవూలిన్‌కూ కల్ ఈలాకూ మాల్ట్ వచ్చేది ఒకే చోటు నుంచి, పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ నుంచి. అయినా ఒకటి బరువుగా, రెండోది తేలిగ్గా, సముద్రపు గాలిలా ఉంటుంది.

బ్రూక్‌లాడీ వాళ్ళ ఆక్టోమోర్ 8.3కి 309.1 పీపీఎం అని ప్రకటించారు. మిగతా ఐలా విస్కీలకు ఏడెనిమిది రెట్లు పొగ తగులుతుందనుకుని కొంటే నిరాశ తప్పదు. విస్కీ బాగానే ఉంటుంది, లెక్క మాత్రం అలా పనిచేయదు.

పాత విస్కీలో పొగ తక్కువగా ఉంటుంది, ఎందుకని?

పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ పొగ పదును తగ్గుతుంది, చెక్క ఇచ్చే వాసనలు పెరుగుతాయి. అయిదారేళ్ళ ఐలా విస్కీ ముక్కు మీద గుద్దుతుంది. పాతికేళ్ళది దూరంగా ఎక్కడో ఆరిపోయిన మంటను గుర్తుచేస్తుంది. తీపి పీపాలోకి మార్చాలనుకునేవాళ్ళు చాలామంది తక్కువ వయసున్న విస్కీనే తీసుకోవడానికి కారణం ఇదే.

## పీపా

తీపి వైన్ పీపాలు అంటే ఏవేవి?

ఎక్కువగా కనిపించేవి ఫ్రాన్స్ సోటెర్న్, స్పెయిన్ పెడ్రో హిమెనెజ్ షెర్రీ (సీసాల మీద పీఎక్స్ అని ఉంటుంది), మోస్కటెల్, పోర్చుగల్ పోర్ట్, మదీరా, సిసిలీ మార్సాలా, హంగేరీ టొకాయ్.

అన్నీ తీపే అయినా తీపి వచ్చే దారులు వేరు. పీఎక్స్ కోసం ద్రాక్షను కోసి ఎండలో పరిచి, కిస్మిస్ అయ్యేదాకా ఉంచి పిండుతారు. లీటరుకు 400 గ్రాముల దాకా చక్కెర ఉండొచ్చు, అంటే దాదాపు పాకం. పోర్ట్‌లో పులియడం సగంలో ఉండగానే ద్రాక్ష సారాయి పోసి ఆపేస్తారు, పులియని చక్కెర అలాగే మిగిలిపోతుంది. మదీరాను వేడి తగిలేలా ఉంచి మాగబెడతారు. టొకాయ్‌కూ సోటెర్న్‌కూ బూజు పట్టిన ద్రాక్షే ఆధారం.

బూజు పట్టిన ద్రాక్షతో వైనా? నిజమేనా?

నిజమే. బోర్డో దక్షిణాన సిరోన్ అనే చిన్న ఏరు, దానికంటే వెచ్చగా ఉండే గారోన్ నదిలో కలుస్తుంది. శరదృతువులో పొద్దున్నే అక్కడ పొగమంచు కమ్ముతుంది, మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఆ తడికి సెమియోన్ ద్రాక్ష మీద బోట్రైటిస్ అనే బూజు పెరిగి తొక్కకు సన్నటి రంధ్రాలు చేస్తుంది. ఎండకు నీరు ఆవిరై పోయి లోపల చక్కెర, పులుపు చిక్కబడతాయి. గుత్తి మొత్తం ఒకేసారి సిద్ధం కాదు కాబట్టి కూలీలు అదే తోటలో మళ్ళీ మళ్ళీ తిరిగి, పండినవరకే ఏరుకుంటారు. అన్నిటిలోకీ పేరున్న షాటో డికెమ్‌లో ఒక తీగకు ఒక గ్లాసు వైన్ అంటారు. 2012లో ద్రాక్ష నచ్చక ఆ ఏడాది డికెమ్ వైనే విడుదల చేయలేదు.

ఇంత ఖరీదైన వైన్ ఉన్న పీపాకు ధర కూడా అలాగే ఉంటుంది. ఆ ఖర్చు చివరికి మీ సీసా మీదే పడుతుంది.

పీపాలో వైన్ మిగిలి ఉంటుందా? అంటే విస్కీలో వైన్ కలిసినట్టేగా?

పీపా ఖాళీ చేసే విస్కీ పోస్తారు, అడుగున వైన్ వదిలేయకూడదు. కానీ చెక్క కొన్ని లీటర్ల వైన్‌ను పీల్చుకుని ఉంటుంది. విస్కీ పోశాక అది మెల్లగా బయటికి వస్తుంది. చట్టం దీన్ని కలపడంగా చూడదు. స్కాచ్‌లో నీళ్ళు, రంగు కోసం మామూలు కారమెల్ తప్ప ఇంకేమీ వేయకూడదు. ఒకప్పుడు పాక్సరెట్ అనే తీపి వైన్ పాకాన్ని పీపా లోపలికి పట్టించేవాళ్ళు. ఇప్పుడది నిషేధం.

షెర్రీ పీపా అంటే దశాబ్దాల పాటు షెర్రీ మాగిన పీపాయేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. లేబుల్ మీది కథ చదివితే అలాగే అనిపిస్తుంది, అనిపించాలనే రాస్తారు. స్పెయిన్‌లో షెర్రీ మాగబెట్టే పాత పీపాలను వాళ్ళు అంత తేలిగ్గా అమ్ముకోరు. పూర్వం షెర్రీని పీపాల్లో పోసి బ్రిటన్‌కు ఓడల్లో పంపేవాళ్ళు, ఖాళీ అయిన ఆ పీపాలే విస్కీవాళ్ళకు చవగ్గా దొరికేవి. 1980ల్లో షెర్రీని స్పెయిన్‌లోనే సీసాల్లో నింపాలన్న నియమం వచ్చాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు విస్కీ కంపెనీల ఆర్డరు మీద కొత్త పీపాలు చేసి, ఒకటి రెండేళ్ళు షెర్రీ నింపి ఉంచి పంపుతున్నారు. మోసమేమీ కాదు, మంచి విస్కీలు ఇలాగే వస్తున్నాయి. సోటెర్న్, పోర్ట్ విషయంలో మాత్రం నిజంగా వైన్ తయారీలో వాడిన పీపాలు దొరికే అవకాశం ఎక్కువ.

వైన్ పీపా విస్కీల్లో కొన్నిసార్లు అగ్గిపుల్ల వాసన వస్తుంది. అది పీట్ పొగేనా?

కాదు, అది గంధకం. ఖాళీ వైన్ పీపా పాడవకుండా లోపల గంధకం వత్తి వెలిగించే అలవాటు ఉంది. కొంచెం మిగిలితే గీసిన అగ్గిపుల్ల వాసన, ఎక్కువైతే కుళ్ళిన గుడ్డు వాసన. పొగ విస్కీలో ఇది కొంత దాక్కుంటుంది, అందుకే కొందరు దాన్నీ పొగలో జమకట్టేస్తారు. పీట్ పొగ నాలుక మీద చివరిదాకా ఉంటుంది. గంధకం మొదట ముక్కుకు తగిలి, గాలి తగిలితే కాస్త తగ్గుతుంది.

దీనికో విరుగుడు ఉంది. పీపా లోపలి పొరను చెక్కేసి, వేడికి కాల్చి, మళ్ళీ మంటతో మాడ్చడం. విస్కీ నిపుణుడు, దివంగత జిమ్ స్వాన్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. తైవాన్ విస్కీ కవలాన్‌కు పేరు తెచ్చిన వైన్ పీపాలు ఇలా చేసినవే. కాకపోతే చెక్కేయడంతో వైన్ రుచి కూడా చాలా పోతుంది, కాబట్టి సోటెర్న్ తేనె రుచి కావాలనుకునేవాళ్ళు ఈ పని చేయరు.

## పీపా మార్చడం

ఫినిష్ అంటే ఏంటి? ఎన్నాళ్ళు ఉంచుతారు?

విస్కీ ఎక్కువ కాలం ఒక పీపాలో, సాధారణంగా బర్బన్ అనే అమెరికా విస్కీ మాగిన పీపాలో పెరుగుతుంది. చివర్లో దాన్ని తీసి ఇంకో రకం పీపాలో కొంతకాలం ఉంచడమే ఫినిష్. ఇన్ని నెలలు తప్పనిసరి అన్న నియమం లేదు. కొన్ని నెలల్లో అయిపోయేవి ఉన్నాయి, రెండు మూడేళ్ళు ఉంచేవీ ఉన్నాయి. లేబుల్ మీది వయసు మొత్తం ఓక్ చెక్క పీపాల్లో గడిపిన కాలం: 12 ఏళ్ళు బర్బన్ పీపాలో, ఒక ఏడాది సోటెర్న్‌లో ఉంటే 13 ఏళ్ళు.

దీన్ని జనంలోకి తెచ్చింది బాల్వెనీ, గ్లెన్‌మోరంజీ అనే స్కాచ్ కంపెనీలు. బాల్వెనీలో డేవిడ్ స్టువర్ట్ 1980ల్లో మొదలుపెట్టిన పని 1993లో డబుల్‌వుడ్ అనే విస్కీగా స్థిరపడింది. అవి పొగ విస్కీలు కావు. 1990ల చివర్లో డిస్టిలర్స్ ఎడిషన్ పేరుతో లాగవూలిన్‌ను పీఎక్స్ పీపాల్లో ముగించారు, తర్వాత కల్ ఈలాను మోస్కటెల్ పీపాల్లో. పొగకు తీపి పీపా అన్న ఆలోచన చాలామందికి అలా అలవాటైంది.

పొగకూ తీపికీ పొత్తు ఎలా కుదురుతుంది? ఒకదాన్ని ఒకటి చంపేసుకోవా?

ఎక్కువమంది అడిగేది ఇదే. కుదరడానికి కారణాలు కొన్ని చెక్కలోనే ఉన్నాయి. ఓక్‌ను వేడి చేస్తే అందులోని లిగ్నిన్ విరిగి వెనిల్లిన్ వస్తుంది, వెనిలా ఐస్‌క్రీమ్ వాసన అదే. పొగలోని గ్వయకాల్ కూడా లిగ్నిన్ కాలితే వచ్చేదే. రసాయనంగా రెండూ దగ్గరి చుట్టాలు. అందుకే పొగ పక్కన వెనిలా పరాయిగా అనిపించదు.

ఇంకొకటి సోటలాన్. సోటెర్న్ లాంటి బూజు ద్రాక్ష వైన్లలో, మాగిన షెర్రీలో ఉంటుంది. మన మెంతులకు ఆ వాసన ఇచ్చేది కూడా ఇదే. కొద్దిగా ఉంటే తేనె, మాడిన పంచదార వాసన, ఎక్కువైతే మసాలా ఘాటు. పొగ విస్కీ సోటెర్న్ పీపాలో ఉండి వచ్చాక ఎక్కడో తెలిసిన వాసన తగిలి పేరు గుర్తురాకపోతే మెంతుల్ని తలచుకోండి.

చెడేది ఎక్కడంటే, ఎర్ర వైన్ పీపాల వగరు దగ్గర. ఫినాల్‌లో చేదు ముందే ఉంది, దాని మీద టానిన్ వగరు పడితే నోరంతా బూడిద. కొన్ని పోర్ట్ ఫినిష్‌లలో స్ట్రాబెరీ జామ్ ఒకవైపు, తడి బూడిద ఒకవైపు, రెండూ కలవకుండా విడిగా నిలబడతాయి. ఇంకో చిక్కు గడువు. తీపి పీపా మొదటి నెలల్లోనే చాలా ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఇంకా ఉంచితే వైన్ పెరగడం కంటే చెక్క పెరగడమే ఎక్కువ. పీపాల విస్కీలను ఎంచి కలిపే బ్లెండర్ వారం వారం రుచి చూసి "చాలు" అనగలిగితేనే విస్కీ నిలుస్తుంది.

నా లెక్క ఇది: తేలికైన పొగకు సోటెర్న్, మోస్కటెల్. బరువైన, నూనెలాంటి లాగవూలిన్ రకానికి పీఎక్స్. పోర్ట్ అంటే ముందు ఒక పెగ్గు రుచి చూసి కొనాలి.

పాడైన విస్కీని కప్పిపుచ్చడానికే ఇలా చేస్తారంటారు, నిజమా?

కొన్నిసార్లు నిజమే. పాత, అరిగిపోయిన పీపాలో పడి చప్పగా మారిన విస్కీకి చివర్లో గట్టి పీఎక్స్ పీపా తగిలిస్తే రంగు, తీపి వచ్చేస్తాయి. కానీ గుటక మింగాక మధ్యలో ఏమీ ఉండదు, తీపి వస్తుంది, పొగ వస్తుంది, ఆపైన ఖాళీ. అలాంటి సీసా ఎదురైతే పీపాను కాదు, పోసినవాళ్ళను తిట్టుకోవాలి.

ఏ పీపా అయినా వాడొచ్చా, నియమాలేమైనా ఉన్నాయా?

స్కాచ్‌కు 2009 నుంచి ఉన్న నియమాల ప్రకారం పీపా ఓక్‌దే కావాలి, 700 లీటర్లు దాటకూడదు, స్కాట్లాండ్‌లో కనీసం మూడేళ్ళు మాగాలి. 2019లో వైన్, బీరు, ఇతర మద్యాల పీపాలు ఏవి చెల్లుతాయో ఇంకాస్త విడమర్చారు. ఆ మార్పుతో టెకీలా పీపాలు కూడా లోపలికొచ్చాయి. టెంకె పండ్లతో చేసిన మద్యం, తయారయ్యాక పండ్ల రుచులు కలిపినవి ఉంచిన పీపాలు మాత్రం పనికిరావు.

మన దేశంలో కూడా ఇలాంటివి చేస్తున్నారా?

చేస్తున్నారు. బెంగళూరు అమృత్, గోవాలోని పాల్ జాన్, హర్యానా ఇంద్రి వైన్, షెర్రీ పీపాలతో పని చేస్తున్నాయి. అమృత్ ఫ్యూజన్‌లో స్కాట్లాండ్ నుంచి తెచ్చిన పొగ మాల్ట్ ఉంటుంది. ఇంద్రి త్రిని బర్బన్, ఫ్రెంచ్ వైన్, పీఎక్స్ అనే మూడు రకాల పీపాల కలయిక.

తేడా ఎండలో ఉంది. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏడాదికి 2 శాతం వరకు ఆవిరైతే బెంగళూరులో 10 శాతం దాటుతుంది. విస్కీ త్వరగా మాగుతుంది, పీపా కూడా త్వరగా మీదపడుతుంది. అందుకని ఇక్కడ ఫినిష్‌కు ఎక్కువ నెలలు పట్టవు, కాస్త ఏమరినా చెక్క రసం తాగినట్టుంటుంది.

## కొనడం

మొదటిసారి కొంటున్నా, ఏది తీసుకోవాలి?

పొగ అలవాటు లేకపోతే బెన్‌రియాక్ స్మోకీ ట్వెల్వ్‌తో మొదలుపెట్టండి, బర్బన్, షెర్రీ, మార్సాలా పీపాలు కలిపింది, పొగ సున్నితంగా ఉంటుంది. కొంచెం అలవాటుంటే కల్ ఈలా డిస్టిలర్స్ ఎడిషన్. లఫ్రోయిగ్ ఇష్టమైతే పీఎక్స్ కాస్క్. డబ్బుల టెన్షన్ లేకపోతే లాగవూలిన్ డిస్టిలర్స్ ఎడిషన్. సోటెర్న్ కావాలంటే కిల్‌హోమన్ సోటెర్న్ సీసాలు, బ్రూక్‌లాడీవాళ్ళ పోర్ట్ షార్లెట్ ఎస్‌సీ:01, ఆర్డ్‌బెగ్ 2023లో తెచ్చిన 13 ఏళ్ళ హార్పీస్ టేల్ ఉన్నాయి. ఈ చివరివి అన్నిచోట్లా, ఎప్పుడూ దొరకవు.

పోర్ట్ షార్లెట్ అంటే పోర్ట్ వైన్ పీపా అనుకున్నా?

చాలామంది అనుకుంటారు. అది ఐలాలో ఒక ఊరి పేరు. పోర్ట్ ఎలెన్ కూడా అంతే.

"ఫినిష్డ్", "మెచ్యూర్డ్" రెండూ ఒకటేనా?

కాదు. ఒక పీపా పేరు పక్కన మెచ్యూర్డ్ అని ఉంటే మొత్తం కాలం అందులోనే గడిపిందని అర్థం చేసుకోవచ్చు. ఫినిష్డ్ అంటే చివర్లోనే. డబుల్ మెచ్యూర్డ్ అని ఉంటే ఎన్ని నెలలో వెనక లేబుల్ చదవండి. నెలలు చెప్పిన కంపెనీని కొంచెం ఎక్కువ నమ్ముతాను.

ముదురు రంగుంటే పీపా మంచిదని అర్థమా?

కారమెల్ రంగు వేయడం చట్టబద్ధం కాబట్టి రంగును చూసి ఏమీ చెప్పలేం. "నేచురల్ కలర్" అని రాసి ఉంటేనే రంగు మాట్లాడుతుంది. సోటెర్న్ పీపా విస్కీ లేత బంగారు రంగులో ఉండటం మామూలే, దాన్ని చూసి పలచన అనుకోవద్దు.

అమెరికా నుంచి వస్తూ ఎన్ని సీసాలు తేవచ్చు?

సుంకం లేకుండా పెద్దవాళ్ళకు మనిషికి 2 లీటర్లు. చెక్-ఇన్ లగేజీలో పెడితే 70 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్నదాన్ని ఎయిర్‌లైన్స్ ఒప్పుకోవు. ఈ రకం విస్కీలు క్యాస్క్ స్ట్రెంత్ (నీళ్ళు కలిపి తగ్గించకుండా పీపాలో ఉన్న ఘాటుతోనే నింపినవి) అయినా సాధారణంగా 60 దాటి చాలా పైకి పోవు కాబట్టి ఇబ్బంది ఉండదు. బట్టల మధ్య చుట్టి పెట్టండి, పగిలితే మాత్రం ఆ సూట్‌కేసు పొగ వాసన నెలల తరబడి పోదు.

## గ్లాసులో

నీళ్ళు పోయాలా, ఐస్ వేయాలా?

ముందు ఉత్తిది ఒక గుక్క. తర్వాత కొన్ని నీటి చుక్కలు. 2017లో స్వీడన్ లిన్నేయస్ యూనివర్సిటీ పరిశోధకులు కంప్యూటర్ నమూనాతో చూపించిందేంటంటే, ఆల్కహాల్ 45 శాతం లోపు ఉన్నప్పుడు గ్వయకాల్ ద్రవం పైభాగానికి చేరుతుంది. కాబట్టి నీళ్ళు పోస్తే పొగ పోదు, ముక్కుకు ఇంకా దగ్గరవుతుంది. ఐస్ వేస్తే తీపి వాసనలు మూగబోతాయి, పొగ, చేదు మిగులుతాయి. తీపి పీపాకని ఎక్కువ డబ్బు పెట్టి దాన్నే ఐస్‌తో చంపడం ఎందుకు? సోడా, కోక్ గురించి అడక్కండి.

నాకు షుగర్ ఉంది. తీపి పీపా విస్కీలో చక్కెర ఎక్కువ ఉంటుందా?

చెక్కలోంచి వచ్చే చక్కెర చాలా కొద్ది. తీపి అనిపించేది ఎక్కువగా వాసన వల్లే. అసలు సమస్య ఆల్కహాల్. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు, ముఖ్యంగా ఖాళీ కడుపుతో తాగితే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీ డాక్టర్‌ని అడగకుండా నిర్ణయించుకోవద్దు.

పక్కన ఏం తింటే బాగుంటుంది?

కారం వద్దు. గుంటూరు కారం పడ్డాక నాలుకకు పొగా తెలియదు, తేనే తెలియదు. ఉప్పు, కొవ్వు బాగా కుదురుతాయి: వేయించిన జీడిపప్పు, కారం తగ్గించి వేయించిన కొరమీను. పీఎక్స్ రకానికి డార్క్ చాక్లెట్, ఖర్జూరం. సోటెర్న్ రకంతో పూతరేకులు తినమంటాను, నెయ్యి, బెల్లం పక్కన పొగ చక్కగా నిలబడుతుంది. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్ళు రెండోది అడిగారు.

ఆన్‌లైన్‌లో రెండు లీటర్ల చిన్న పీపాలు దొరుకుతున్నాయి. ఇంట్లోనే ఫినిష్ చేసుకోవచ్చా?

చేయొద్దనే చెబుతాను. రెండు లీటర్ల పీపాలో లీటరుకు తగిలే చెక్క, 200 లీటర్ల పీపాతో పోలిస్తే నాలుగైదు రెట్లు. దానికి హైదరాబాద్ మే నెల ఎండ తోడైతే కొన్ని వారాల్లో విస్కీ వగరెక్కుతుంది, సగం ఆవిరైపోతుంది. మన రాష్ట్రాల ఎక్సైజ్ నిబంధనలు కూడా చూసుకోవాలి. అంత కుతూహలంగా ఉంటే గ్లాసులో పొగ విస్కీ పోసి, ఒక చెంచాలో నాలుగో వంతు తీపి వైన్ కలిపి చూడండి. ఫినిష్‌తో సమానం కాదు, చక్కెర పైపైన తేలుతుంది. కానీ ఏ వైన్ ఏ పొగకు సరిపోతుందో ఒక్క సాయంత్రంలో తెలుస్తుంది, పీపా కొనే ఖర్చూ తప్పుతుంది.

మూత తీశాక ఎన్నాళ్ళు ఉంటుంది?

పాడవదు, కానీ మారుతుంది. సీసా సగం దిగాక లోపలి గాలికి పొగ ముందు మెత్తబడుతుంది, తీపి ముందుకొస్తుంది. కొన్నిటికి అది మేలే చేస్తుంది: గంధకం వాసన ఉన్నవి రెండు మూడు వారాల్లో బాగుపడతాయి. మూడో వంతు కంటే తక్కువ మిగిలితే చిన్న సీసాలోకి మార్చండి. నిలబెట్టి, ఎండ తగలని అల్మారాలో పెట్టండి. వైన్‌లా పడుకోబెడితే ఆల్కహాల్‌కు కార్కు మెత్తబడి విరుగుతుంది.